ధాతుపూజ, దానఫలము, నికాయభేదము: ఆంధ్రదేశ శాసనముల వెలుగులో ఒక పరిశీలనము

ఆంధ్రదేశమందలి బౌద్ధనికాయముల చరిత్రను బోధించు అధ్యాపకునకు ఒక చిక్కు తప్పక ఎదురగును. ధాన్యకటకమందలి మహాచైత్యము చైత్యికనికాయము వారి పరిగ్రహమున నుండెనని అమరావతీ శాసనము చెప్పుచున్నది. వసుమిత్రుని సమయభేదోపరచనచక్రము మాత్రము చైత్యశైలులు, అపరశైలులు, ఉత్తరశైలులు అను మూడు శాఖలవారును స్తూపమునకు చేయు పూజ మహాఫలప్రదము కాదని సిద్ధాంతము చేసిరని చెప్పుచున్నది. చైత్యము పేరనే ప్రసిద్ధిగన్నవారు చైత్యపూజను తక్కువచేసి చెప్పుట యెట్లు పొసగును? కొన్ని పాఠ్యగ్రంథములు మొదటి వాక్యమును గ్రహించి చైత్యికులను స్తూపపూజా ప్రవర్తకులనుగా వర్ణించుచున్నవి. మరికొన్ని రెండవ వాక్యమును గ్రహించి వారిని స్తూపపూజా విరోధులనుగా చెప్పుచున్నవి. రెండును చదివిన విద్యార్థి ఏది సత్యమని అడిగినచో సమాధానము చెప్పుట కష్టము. ఈ విరోధము నిజమైనదా, ఆభాసమాత్రమా అనునదియే ఇచట విచార్యము.

ధాతుశబ్దము, శరీరశబ్దము

మొదట శబ్దవిచారము అవసరము. ధారణపోషణార్థకమైన ‘ధా’ మూలమునకు ఉణాదియగు తున్ ప్రత్యయము చేరగా ధాతుశబ్దము సిద్ధించును. వైయాకరణులకు అది క్రియామూలము, వైద్యులకు రసరక్తాదులు, రసశాస్త్రజ్ఞులకు ఖనిజములు. బౌద్ధులకు దహనానంతరము మిగిలిన అస్థిశేషము. ఈ అర్థములన్నిటను ‘మార్పులకు లోనైనను నిలిచి, తక్కినదానిని ధరించునది’ అను భావము అనుస్యూతముగ నున్నది. ధాతువును గర్భమున నుంచుకొన్న కట్టడము ధాతుగర్భము. సింహళభాషలోని ‘దాగబ’ ఈ సమాసము యొక్క వికృతియే.

శరీరశబ్దము విషయమున వచనభేదము గమనింపదగినది. ఏకవచనమున అది దేహము, బహువచనమున అస్థిశేషములు. మహాపరినిర్వాణ సూత్రమున తథాగతుని శరీరపూజను గూర్చి భిక్షువులు వ్యగ్రులు కానక్కరలేదనియు, శ్రద్ధగల క్షత్రియులు, బ్రాహ్మణులు, గృహపతులు ఆ కార్యమును చూచుకొందురనియు బుద్ధుడు ఆనందునితో చెప్పినట్లున్నది. ఈ మాటను పట్టుకొని ధాతుపూజ గృహస్థులకే గాని భిక్షువులకు విహితము కాదని చాలకాలము పండితులు వ్యాఖ్యానించిరి. గ్రెగరీ షోపెన్ 1991లో దీనిని ఖండించి, ఆ సందర్భమున శరీరపూజ యనగా దహనమునకు పూర్వము దేహమునకు చేయు అంత్యోపచారమే గాని తరువాతి స్తూపపూజ కాదని వాదించెను. వచనభేదమును మనస్సున నుంచుకొని చదివినచో ఈ వాదమునకు బలము కలదని తోచకపోదు.

విభాగకథ

అదే సూత్రమున ధాతువిభాగము వర్ణింపబడినది. మగధరాజగు అజాతశత్రువు, వైశాలీ లిచ్ఛవులు, కపిలవస్తు శాక్యులు మొదలైన ఎనిమిది పక్షములవారు ధాతువులకై పోటీపడిరి. కుశీనగర మల్లులు తమ నేలపై పరినిర్వాణము జరిగినది గాన భాగమీయమనిరి. యుద్ధము సంభవింపనున్న సమయమున ద్రోణుడను బ్రాహ్మణుడు మధ్యవర్తియై ఎనిమిది సమభాగములు చేసి, కొలపాత్రను తాను గైకొనెను. ఆలస్యముగ వచ్చిన మౌర్యులకు బొగ్గులు మాత్రము దక్కెను. ఇట్లు పది స్తూపములు ఏర్పడినవి.

ఈ కథలో ధాతువు పవిత్రమగునా కాదా యను సందేహము ఎవ్వరికిని లేదు. వివాదమంతయు అది ఎవరిది అను విషయముననే. ధాతువు విషయమున తొలినుండియు ప్రశ్న శ్రద్ధకు సంబంధించినది కాదు, స్వత్వమునకు సంబంధించినది. నికాయభేదమునందును ఈ ప్రశ్నయే రూపాంతరమున ప్రత్యక్షమగును.

మహీశాసకులు, ధర్మగుప్తులు

వసుమిత్రుని గ్రంథము సంస్కృతమున లుప్తమైనది. చీనా, టిబెట్టు భాషానువాదములలో నిలిచినది. చీనానువాదములలో ప్రసిద్ధమైనది 7వ శతాబ్దికి చెందిన హ్యూయన్‌త్సాంగ్ కృతము. ఆ గ్రంథము ననుసరించి మహీశాసకుల మతమున బుద్ధుడు సంఘమునందు అంతర్భూతుడు. కావున సంఘమునకిచ్చిన దానము మహాఫలము, బుద్ధునికి వేరుగ నిచ్చినది అట్టిది కాదు, స్తూపపూజ అల్పఫలము. వారినుండి వెలువడిన ధర్మగుప్తులు బుద్ధుడు సంఘాంతర్గతుడే యని అంగీకరించియు, బుద్ధునికి వేరుగ నిచ్చిన దానమే మహాఫలమనిరి. స్తూపపూజ వలన విపులమైన ఫలము కలుగుననిరి.

రెండు పక్షములవారును బుద్ధుని పూజ్యునిగానే తలచిరి. రెండు పక్షములవారును స్తూపమునకు ప్రదక్షిణము చేసినవారే. భేదము ఒక్కచోటనే కలదు: పరినిర్వృతుడైన బుద్ధుడు దానమునకు సంప్రదానము కాగలడా? ఆయన ధాతువు ఆయన స్థానమున నిలిచి గ్రహింపగలదా? లేక గ్రహించు సామర్థ్యము జీవించియున్న సంఘమునకే కలదా?

పాలీ సంప్రదాయమందలి కథావత్థువు అశోకుని కాలమున పాటలీపుత్రమున జరిగిన సంగీతియందు మోగ్గలిపుత్తతిస్సుడు రచించినదని ప్రతీతి. అందు పదునేడవ వర్గమున సంఘము దక్షిణను గ్రహింపదను వాదమును, బుద్ధునికిచ్చినది మహాఫలము కాదను వాదమును పూర్వపక్షములుగా ఖండింపబడినవి. అట్ఠకథ వీనిని వేతుల్యకులకు ఆరోపించినది. ఆ అట్ఠకథయే పూర్వశైలీయులు, అపరశైలీయులు, రాజగిరికులు, సిద్ధార్థికులు అను నలుగురిని కలిపి ‘అంధకులు’ అను పేర వ్యవహరించినది. ఒక నికాయసముదాయము దేశనామముతో వ్యవహరింపబడుట, ఆంధ్రభూమి ఈ చర్చలకు ఎంతటి క్షేత్రమైనదో సూచించుచున్నది.

ఇచట ధనవ్యవస్థ యొక్క పాత్రను విస్మరింపరాదు. వినయగ్రంథములు స్తూపద్రవ్యమును, సంఘద్రవ్యమును వేరుచేసి, ఒకదానిని మరియొకదానికి వినియోగించుటను నిషేధించినవి. స్తూపమునకిచ్చిన దానమున సంఘమునకు అధికారము లేనిచో, స్తూపదానమే మహాఫలమను సిద్ధాంతము విహారము యొక్క ఆదాయమును తగ్గింపగలదు. సంఘదానమే మహాఫలమను సిద్ధాంతము స్తూపశోభను క్షీణింపజేయగలదు. అంతమాత్రమున సిద్ధాంతములన్నియు ధనాశాప్రేరితములని చెప్పుట అనుచితము. కాని ఫలవిచారమునకు లోకమున ప్రయోజనముండెనని గుర్తింపక తప్పదు.

చైత్యిక నామవిచారము

చైత్యశబ్దము చితిశబ్దసంబంధి. చితి, చిత్య, చైత్యములు దహనస్థానమును, దానిపై లేచిన కట్టడమును స్మరింపజేయును. చైత్యికనామము విషయమున పాణినీయము ఒక ఆసక్తికరమైన సూచన నిచ్చుచున్నది. అష్టాధ్యాయి నాలుగవ అధ్యాయము మూడవ పాదమున 95వ సూత్రము భక్తి యను అర్థమును అధికరించుచున్నది. 96వ సూత్రము అచేతనవాచకములై, దేశకాలవాచకములు కాని శబ్దములకు ఆ అర్థమున ఠక్ ప్రత్యయమును విధించుచున్నది. అపూపములయందు ఆసక్తిగలవాడు ఆపూపికుడు. ఇదే పద్ధతిని చైత్యము భక్తివిషయముగా గలవాడు చైత్యికుడగును. చైత్యము ఒక పర్వతనామమైనచో అది దేశవాచకము; కావున ఈ సూత్రమునకు విషయము కాదు.

వ్యాకరణమును మాత్రమే ప్రమాణముగ గొన్నచో ‘చైత్యభక్తులు’ అను అర్థమే సిద్ధించును. కాని సంప్రదాయము వేరుగ చెప్పుచున్నది. వసుమిత్రుని ప్రకారము రెండవ మహాదేవుడు చైత్యపర్వతమున నివసించుచు, పూర్వము మహాసాంఘికభేదమునకు కారణమైన పంచవస్తువులను మరల విమర్శింపగా ఈ శాఖలేర్పడినవి. పూర్వశైలీయ, అపరశైలీయ నామములును కొండలను బట్టి వచ్చినవే. ఈ నామములు ప్రాకృతమున పుట్టి, పిమ్మట సంస్కరింపబడినవి. వానికి పాణినీయమును నిర్ణాయకముగ చేయుట సాహసము. కాబట్టి ‘చైత్యికులు’ అను పేరు మాత్రము చూచి వారు చైత్యపూజా ప్రవర్తకులని నిశ్చయించుట పాఠ్యగ్రంథముల తొందరపాటు. నామము సిద్ధాంతమునకు సాక్ష్యము కాజాలదు.

శాసనసాక్ష్యము

శాసనములు ఏమి చెప్పుచున్నవో కాలక్రమమున చూడవలెను.

భట్టిప్రోలు స్తూపమున 1892లో అలెగ్జాండర్ రే ధాతుకరండములను వెలికితీసెను. బ్యూలర్ వానిపైగల లేఖనములను చదివెను. క్రీస్తుపూర్వపు ఆ లేఖనములయందు బుద్ధశరీరములకై కరండము చేయించిన సంగతియు, గోష్ఠీసభ్యుల నామములును, కుబిరకుడను రాజు పేరును గలవు. దాతలు గోష్ఠిగా కూడి ధాతువును ప్రతిష్ఠించిన దృశ్యమే అందు ప్రధానము.

అమరావతియందు వాసిష్ఠీపుత్ర పులుమావి కాలపు శాసనమున భగవంతుని మహాచైత్యము చైత్యికనికాయము వారి ‘పరిగహ’మున నున్నట్లు చెప్పబడినది. ఇందు రెండు సంబంధములు వేర్వేరుగ చెప్పబడినవని గుర్తింపవలెను. చైత్యము ‘భగవతో’, అనగా భగవంతునిది. ఇది షష్ఠి, స్వస్వామిభావ సంబంధము. నికాయమునకు గలది పరిగ్రహము, అనగా స్వీకరణము, రక్షణము. స్వామి భగవంతుడు, పరిగ్రహీత నికాయము. శాసనలేఖకుడు ఈ భేదమును జాగ్రత్తగ పాటించెను.

నాగార్జునకొండయందు ఇక్ష్వాకువంశపు చాంతిసిరి, వీరపురుషదత్తుని 6వ రాజ్యసంవత్సరమున మహాచైత్యమునకు స్తంభములను నెలకొల్పెను. తనకు నిర్వాణసంపదయు, అల్లునకు ఆయుర్విజయములును ఆ దానమునకు ఆమె కోరిన ఫలములు. ఆ చైత్యము అపరమహావినశైలీయుల పరిగ్రహమునకు ఉద్దేశింపబడినది. అదే లోయలో మహాదేవి భటిదేవ బహుశ్రుతీయులకు విహారమును కట్టించెను. ఎహువుల చాంతమూలుని 11వ రాజ్యసంవత్సరమున వనవాసరాజ్ఞి కొడబలిసిరి మహీశాసక ఆచార్యులకు విహారమొసగెను. స్తూపపూజ అల్పఫలమని వసుమిత్రుడు చెప్పిన మహీశాసకులును, మహాచైత్యపరిగ్రహీతలగు అపరశైలీయులును ఒకే లోయలో, ఒకే రాజవంశపు స్త్రీల ఔదార్యముతో వసించిరి. ఈ సహవాసమే నికాయభేదము యొక్క స్వరూపమును తెలుపుచున్నది. ఉపోసథాది సంఘకర్మలు వేరైనవి, విహారములు వేరైనవి, కాని దాతలు వేరుకాలేదు.

1927 మొదలు 1931 వరకు లాంగ్‌హర్స్ట్ జరిపిన త్రవ్వకములలో ఆ మహాచైత్యమున అస్థిధాతువు బయల్పడినది. తరువాత అది సారనాథమందలి మూలగంధకుటీ విహారమునకు చేరినది. లోయ సాగరజలములలో మునిగినను అచటి శాసనములు ప్రదర్శనశాలలో భద్రముగ నున్నవి.

‘మహాఫలము కాదు’ అను నిషేధము

ఇక మొదటి చిక్కునకు పరిహారము వెదకవలెను. చైత్యశైలుల సిద్ధాంతము స్తూపపూజకు ఫలము లేదని కాదు. మహాఫలము లేదని మాత్రమే. విశేషణముతో కూడిన పదార్థమునకు చెప్పిన నిషేధము, విశేష్యమునకు బాధ కలిగినపుడు విశేషణముపైననే పడునను న్యాయము శాస్త్రకారులకు సుపరిచితము. ‘ఎఱ్ఱని వస్త్రము తేవలదు’ అనినచో వస్త్రమే తేవలదని అర్థము కాదు. అట్లే నిషేధము ‘మహత్’ అను విశేషణముపై పడును, ఫలము నిలుచును. వసుమిత్రుని మూలము లభింపదు గాన ఈ యుక్తిని ఒంటరిగ నమ్మరాదు. కాని అదే గ్రంథమున మహీశాసకుల మతము ‘అల్పఫలము’ అని విధిరూపమున చెప్పబడినది. ఆ సమీపసాక్ష్యము ఈ అర్థమును బలపరచుచున్నది.

అల్పమేల, మహత్తేల అనునది తరువాతి ప్రశ్న. దీనికి స్పష్టమైన సమాధానము అభిధర్మకోశము నాలుగవ కోశస్థానమున కలదు. వసుబంధుని మతమున దానపుణ్యము ద్వివిధము: త్యాగము వలన కలుగునది, దానవస్తువును గ్రహీత అనుభవించుట వలన కలుగునది. చైత్యమునకిచ్చినపుడు గ్రహీత లేడు, అనుభవము లేదు, కావున త్యాగపుణ్యము మాత్రమే సిద్ధించును. గ్రహీత లేనిచో పుణ్యమెట్లు కలుగునను ఆక్షేపమునకు ఆయన మైత్రీభావనను దృష్టాంతముగ చూపెను. మైత్రిని భావించువాని వలన ఎవ్వరును ఏదియు గ్రహింపరు. అయినను భావించువాని చిత్తమున పుణ్యము పుట్టుచున్నది.

వసుబంధుడు ఈ శాసనములకంటె అర్వాచీనుడు. ఆయన చైత్యిక మతస్థుడును కాడు. కావున ఆయన సమాధానమును ధాన్యకటక ఆచార్యుల నోట పెట్టరాదు. అయినను అల్పఫలమని చెప్పుటయు, స్తూపమును భక్తితో రక్షించుటయు ఒకే మనస్సున విరోధము లేక ఉండగలవని నిరూపించుటకు ఆ విభాగము చాలును. చైత్యికులు మహాచైత్యమును పరిగ్రహించి యుండవచ్చును. దానికిచ్చు దానము సంఘదానము కంటె తక్కువ ఫలము గలదని బోధించియు నుండవచ్చును. వేరు కాలములందు వేరు ఆచార్యులు వేరుగ బోధించి యుండుటయు అసంభవము కాదు. సిద్ధాంతసూచికలు ఆచారమునకు ప్రతిబింబములని తలచుటయే దోషము.

మీమాంసయందు ఇదే ప్రశ్న

సంస్కృతాధ్యాపకులకు ఈ విచారము క్రొత్తది కాదు. జైమినీయమున తొమ్మిదవ అధ్యాయము మొదటి పాదమందలి దేవతాధికరణము ఇట్టిదియే. దేవత విగ్రహవతియా? హవిస్సును భుజించునా? ప్రసన్నయై ఫలమిచ్చునా? శబరస్వామి ఈ మూడింటిని నిరాకరించి, ఫలము యాగము వలననే యని సాధించెను. దేవుని గ్రామము, దేవుని క్షేత్రము అను వ్యవహారము ఔపచారికమే యనియు, ఇష్టమువచ్చినట్లు వినియోగింపగలవాడే స్వామి యనియు ఆయన వాదము. బ్రహ్మసూత్రముల మొదటి అధ్యాయము మూడవ పాదమందలి దేవతాధికరణమున వేదాంతులు దేవతావిగ్రహమును సమర్థించిరి. వైదికులలో యాగమును గూర్చి పుట్టిన ప్రశ్నయే బౌద్ధులలో ధాతువును గూర్చి పుట్టినది.

లోకవ్యవహారమున ఈ ప్రశ్న నేటికిని సజీవము. మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల పల్లెలలో ‘దేవుని మాన్యము’ అను మాట పాఠశాలకు పోని రైతుకును తెలియును. ఆ భూమి దేవునిది. పంట అర్చకుడో కౌలుదారుడో అనుభవించును. ‘భగవతో మహాచేతియ’ మనియు, నికాయము వారి ‘పరిగహ’ మనియు చెప్పిన అమరావతీ వాక్యమున గల రెండు సంబంధములే ఈ మాటయందును గలవు. శబరుని మతమున ఇది ఉపచారమాత్రము. న్యాయస్థానముల మతము వేరు: 1925లో ప్రమథనాథ మల్లిక్ వ్యాజ్యమున ప్రివీ కౌన్సిలు దేవతామూర్తిని న్యాయవ్యక్తిగా అంగీకరించెను. శబరుడు ఓడిన చోట వ్యవహారము గెలిచినదని చమత్కారముగ చెప్పవచ్చును. మూడు పట్టణముల కళాశాలలలో ఈ పాఠము చెప్పువారికి విద్యార్థి ఊరి దేవుని మాన్యము కంటె మంచి ఉదాహరణము దొరకదు.

ధాతువుల విషయమునను స్వత్వప్రశ్న సమసిపోలేదు. 1898లో పిప్రాహ్వా స్తూపమున పెప్పే త్రవ్వి తీసిన రత్నములలో ఆయన వంశజుల యొద్ద నిలిచినవి 2025 మే నెలలో హాంగ్‌కాంగ్‌లో వేలమునకు వచ్చినవి. భారతప్రభుత్వపు అభ్యంతరముతో ఆ వేలము నిలిచిపోగా, జూలైలో అవి భారతదేశమునకు తిరిగివచ్చినవి. ధాతువుతో పాటు సమర్పింపబడిన వస్తువు రత్నమా, ధాతువులో భాగమా అని అప్పుడు లోకమంతట చర్చ జరిగినది. దాత త్యజించినదానికి స్వామి ఎవరను ప్రశ్న ద్రోణుని కాలమునుండి నేటివరకు ఒక్కటే.

ఉపసంహారము

ఈ పరిశీలనము వలన మూడు అంశములు తేలుచున్నవి. మొదటిది: ధాతువు నికాయభేదమునకు సాక్షాత్ కారణము కాదు, ధాతువునకిచ్చు దానమునకు గ్రహీత ఎవరను ప్రశ్న భేదమునకు ఒక నిమిత్తము. మహాదేవుని పంచవస్తువులవంటి ఇతర నిమిత్తములును గలవు. రెండవది: చైత్యికుల విషయమున శాసనమునకు, వసుమిత్రుని వాక్యమునకు విరోధము ఆభాసమాత్రము. ఒకటి పరిగ్రహమును చెప్పుచున్నది. మరియొకటి ఫలతారతమ్యమును చెప్పుచున్నది. మూడవది: చైత్యికనామము యొక్క వ్యుత్పత్తిని సిద్ధాంతనిర్ణయమునకు ఉపయోగింపరాదు.

కావున పాఠ్యగ్రంథములయందు చైత్యికులను స్తూపపూజా ప్రవర్తకులని గాని, విరోధులని గాని ఒక్క వాక్యముతో ముగించుట సరికాదు. శాసనమును, గ్రంథమును ప్రక్కప్రక్కన నుంచి, పరిగ్రహమేది, స్వామ్యమేది, ఫలమేది అని విద్యార్థిచేతనే వేరుచేయించుట యుక్తము. చాంతిసిరి స్తంభము నెత్తించి నిర్వాణసంపదను కోరినపుడు, ఆ ఫలము ధాతువు వలన కలుగునా, సంఘము వలన కలుగునా, తన త్యాగము వలననే కలుగునా యని ఆమె విచారించియుండకపోవచ్చును. ఆమె మహాచైత్యమును పరిగ్రహించిన ఆచార్యులకు మాత్రము అది విచారింపక తీరని ప్రశ్న.